కొత్త నాడీకణాలకు మందు ఉందా?

నాడీకణాలు విభజన చెందవని మీరు జీవశాస్త్రం పాఠంలో చదువుకునే ఉంటారు. ఆ మాట నేటికీ నిజమే. చర్మం చీరుకుపోతే చుట్టుపక్కల కణాలు విభజన చెంది ఆ చోటును పూడుస్తాయి. కాలేయంలో కొంత భాగం కోసి తీసేసినా తిరిగి పెరుగుతుంది. మెదడులో మాత్రం పక్షవాతం వల్లనో, దెబ్బ వల్లనో ఒక న్యూరాన్ చనిపోతే పొరుగున ఉన్న న్యూరాన్ రెండుగా చీలి ఆ ఖాళీని నింపదు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయని అంచనా. పుట్టుకతో వచ్చిన ఆ మూలధనాన్ని జీవితాంతం ఖర్చు పెట్టుకుంటూ పోవడమే తప్ప కొత్తగా జమ అయ్యేది ఏమీ ఉండదని 20వ శతాబ్దంలో చాలాకాలం శాస్త్రజ్ఞులు నమ్మారు. నాడీ వ్యవస్థ సూక్ష్మ నిర్మాణాన్ని వెల్లడించి 1906లో నోబెల్ బహుమతి అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ అభిప్రాయమూ ఇదే. అంతటి వాడు చెప్పాక కాదనే ధైర్యం చాలామందికి లేకపోయింది.

అయితే న్యూరాన్ విభజన చెందకపోవడం వేరు, కొత్త న్యూరాన్ పుట్టకపోవడం వేరు. మన రక్తంలోని ఎర్రకణం కూడా విభజన చెందదు. అయినా ఎముక మజ్జలోని మూలకణాల నుంచి కొత్త ఎర్రకణాలు నిత్యం పుడుతూనే ఉంటాయి. మెదడులోనూ అలాంటి మూలకణాలు ఎక్కడైనా దాగి ఉంటే? వాటిని ఒక మందుతో తట్టి లేపగలిగితే? పక్షవాతం, అల్జీమర్స్ వ్యాధి, డిప్రెషన్ (తీవ్రమైన మానసిక కుంగుబాటు) వంటి వాటి చికిత్స పూర్తిగా మారిపోతుంది. ఈ ఆశతోనే గత పాతికేళ్లుగా ఎన్నో ప్రయోగశాలలు, కొన్ని మందుల కంపెనీలు పనిచేస్తూ వచ్చాయి. వాటికి ఏం దొరికిందో తెలుసుకునే ముందు ఒక చిక్కు ప్రశ్నను ఎదుర్కోవాలి. కోట్లాది కణాల మధ్య నిన్న పుట్టిన కణం ఏదో, ముప్పై ఏళ్ల క్రితం పుట్టిన కణం ఏదో ఎలా తెలుస్తుంది? ఈ మొత్తం కథకు కీలకం ఈ ప్రశ్నే.

కణానికి పుట్టినతేదీ

విభజన చెందే ముందు ప్రతి కణమూ తన డి.ఎన్.ఎ.కు నకలు తయారు చేసుకుంటుంది. అందుకు థైమిడిన్ అనే పదార్థం అవసరం. 1960 దశకం ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చిన థైమిడిన్‌ను ఎలుకలకు ఎక్కించాడు. ఆ సమయంలో డి.ఎన్.ఎ. నకలు తీసుకుంటున్న కణాలలోకి మాత్రమే అది చేరుతుంది. తర్వాత మెదడును పలుచని పొరలుగా కోసి, వాటిపై ఫోటో ఫిల్మ్‌కు వాడే ఎమల్షన్ పూసి చీకట్లో ఉంచితే, కొత్తగా పుట్టిన కణాల మీద నల్లని చుక్కలు తేలతాయి.

చుక్కలు తేలాయి. 1962లో ఆల్ట్‌మన్ తొలి ఫలితాలను ప్రకటించాడు. 1965లో గోపాల్ దాస్ అనే సహచరునితో కలిసి, ఎలుకలు పుట్టిన తర్వాత కూడా వాటి మెదడులోని హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు ఏర్పడుతున్నాయని వివరంగా చూపాడు. హిప్పోకాంపస్ అంటే గ్రీకు భాషలో సముద్రపు గుర్రం. ఆకారంలో దాన్ని పోలి ఉంటుంది కనుక ఆ పేరు. కణతలకు లోపలి వైపున, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి ఉంటాయి. ఈరోజు మీరు చదివిన పాఠం, కలుసుకున్న మనిషి, వెళ్లివచ్చిన దారి జ్ఞాపకంగా నమోదు కావాలంటే ఇవి పనిచేయాలి. ఆల్ట్‌మన్‌కు కొత్త కణాలు కనిపించింది హిప్పోకాంపస్‌లోని డెంటేట్ గైరస్ అనే సన్నని పట్టీలో.

ఈ ఫలితాన్ని పట్టించుకున్నవారు తక్కువ. నల్లచుక్క పడింది న్యూరాన్ మీదేనని, పక్కనే ఉండే సహాయక కణం మీద కాదని ఎలా చెప్పగలరని అడిగారు. 1980 దశకంలో ఫెర్నాండో నోటెబోమ్ బృందం కెనరీ పక్షుల మెదడులో, పాటను నడిపించే భాగంలో, పెద్దయ్యాక కూడా కొత్త న్యూరాన్లు పుడతాయని నిరూపించింది. అప్పుడు కూడా చాలామంది అది పక్షుల సంగతని తేలిగ్గా తీసుకున్నారు. 1992లో రెనాల్డ్స్, వైస్ అనే పరిశోధకులు పెద్ద వయసు చిట్టెలుక మెదడు నుంచి మూలకణాలను వేరుచేసి గాజుపాత్రలో పెంచాక గాని గాలి మళ్లలేదు. ఆల్ట్‌మన్‌కు తగిన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. స్పెయిన్ ఇచ్చే ప్రతిష్ఠాత్మక ఆస్టూరియాస్ బహుమతిలో భాగం 2011లో అందింది. 2016లో ఆయన కన్నుమూశాడు.

మరి మనిషి మాటేమిటి? మనుషులకు రేడియోధార్మిక పదార్థం ఎక్కించి, తర్వాత మెదడు కోసి చూడడం కుదరదు కదా. స్వీడన్ వైద్యుడు పీటర్ ఎరిక్సన్, అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఫ్రెడ్ గేజ్ దీనికో దారి కనిపెట్టారు. కణితి ఎంత వేగంగా పెరుగుతోందో తెలుసుకోవడానికి ఆ రోజుల్లో కొందరు క్యాన్సర్ రోగులకు బ్రోమోడియాక్సీయూరిడిన్ అనే పదార్థాన్ని ఎక్కించేవారు. అది అచ్చం థైమిడిన్‌లాగా నటించి డి.ఎన్.ఎ.లో చేరిపోతుంది. కణితిలో చేరినట్లే మెదడులోనూ చేరి ఉండాలి. అలాంటి రోగులు 5 మంది మరణించాక వారి హిప్పోకాంపస్‌లను పరీక్షించారు. గుర్తు పడిన న్యూరాన్లు కనిపించాయి. 1998లో వెలువడిన ఈ పత్రం సంచలనం సృష్టించింది. చావుకు దగ్గరైన రోగుల మెదడులో సైతం కొత్త కణాలు పుడుతున్నాయన్నమాట!

ఇంతకన్నా విచిత్రమైన గడియారం ఒకటి ఉంది. దానికి ముల్లు పెట్టింది అణుబాంబులు. 1950లలో, 60ల ఆరంభంలో అగ్రరాజ్యాలు భూమిపైన, ఆకాశంలో జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. 1963లో పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందం కుదిరాక అది ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోని కార్బన్ మొక్కల్లోకి, అన్నం ద్వారా మనలోకి, మన కణాల డి.ఎన్.ఎ.లోకి వస్తుంది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఎంత కార్బన్-14 ఉందో దాని డి.ఎన్.ఎ.లోనూ అదే నిష్పత్తిలో ఉండిపోతుంది. అంటే భూమ్మీద ఉన్న ప్రతి మనిషికీ, అతనికి తెలియకుండానే, అణుబాంబులు కణకణానా ఒక తేదీ ముద్ర వేశాయి. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కిర్‌స్టీ స్పాల్డింగ్, యోనాస్ ఫ్రీసెన్ బృందం ఆ ముద్రను చదివింది. 2013లో వారు ప్రకటించిన అంచనా ప్రకారం పెద్దవారిలో ఒక్కొక్క హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త న్యూరాన్లు చేరుతున్నాయి. 8,600 కోట్లతో పోలిస్తే ఇది సముద్రంలో కాకిరెట్ట. అయినా ఆ చిన్న పట్టీలో, ఏడాది పొడవునా లెక్కిస్తే చిన్న సంఖ్య కాదు.

పాత మందు, కొత్త పని

ఇప్పుడు మందుల దగ్గరకు వద్దాం. 1987 చివర్లో అమెరికాలో ఫ్లూయాక్సెటిన్ అనే మందుకు అనుమతి దొరికింది. ప్రొజాక్ అనే వ్యాపారనామంతో అది ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందింది. డిప్రెషన్‌కు వాడతారు. న్యూరాన్ల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని అవి తిరిగి లోపలికి పీల్చుకోకుండా ఇది అడ్డుకుంటుంది. ఈ అడ్డుకోవడం మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. రోగికి మాత్రం గుణం కనిపించడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఈ ఆలస్యం ఎందుకో వైద్యులకు చాలాకాలం అంతుపట్టలేదు.

2000లో యేల్ విశ్వవిద్యాలయంలోని రోనాల్డ్ డ్యూమన్ బృందం ఎలుకలకు ఫ్లూయాక్సెటిన్‌తోపాటు వేర్వేరు తరగతులకు చెందిన డిప్రెషన్ మందులను వారాల తరబడి ఇచ్చి, హిప్పోకాంపస్‌లో కొత్త కణాలను లెక్కించింది. 20 నుంచి 40 శాతం దాకా పెరిగాయి. కొద్దిరోజులు మాత్రమే ఇచ్చినప్పుడు పెరగలేదు. డిప్రెషన్‌కు సంబంధం లేని మరో మానసిక వ్యాధికి వాడే మందు ఇస్తే పెరగలేదు. హిప్పోకాంపస్‌లో పుట్టిన కణం ఎదిగి, కొమ్మలు చాచి, పని అందుకోవడానికి కూడా కొన్ని వారాలే పడుతుంది. రెండు ఆలస్యాలూ సరిపోయాయి! దీర్ఘకాలిక ఒత్తిడి జంతువులలో కొత్త కణాల పుట్టుకను తగ్గిస్తుందని అప్పటికే తెలుసు. పదేపదే డిప్రెషన్‌కు గురైనవారి హిప్పోకాంపస్ కొంత చిన్నదిగా ఉంటోందని స్కానింగ్‌లు చెబుతున్నాయి. అన్నీ ఒకేవైపు వేలు చూపిస్తున్నట్లు అనిపించింది.

అయితే రెండు సంగతులు కలిసి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. కోడి కూతా, సూర్యోదయమూ రోజూ కలిసే వస్తాయి. కోడి కూయకపోతే తెల్లవారడం ఆగుతుందా అని పరీక్షించాలి. సరిగ్గా ఆ పనే చేసింది కొలంబియా విశ్వవిద్యాలయంలోని రెనె హెన్ బృందం. నా మటుకు ఈ రంగంలో అందరికన్నా తెలివైన ప్రయోగం ఇదేననిపిస్తుంది. చిట్టెలుకల శరీరాన్ని సీసపు కవచంతో కప్పి, హిప్పోకాంపస్ ఉన్నచోట మాత్రమే ఎక్స్-కిరణాలు పడేలా చేశారు. విభజన చెందే కణాలు ఆ కిరణాలకు చనిపోతాయి. పాత న్యూరాన్లు అలాగే ఉంటాయి. తర్వాత ఫ్లూయాక్సెటిన్ ఇచ్చారు. ఆకలిగా ఉన్న చిట్టెలుకను వెలుతురు నిండిన కొత్త చోట వదిలి, నడిమధ్యన తిండి పెడితే అది భయపడి చాలాసేపు దగ్గరకు రాదు. నాలుగు వారాలు మందు తిన్న చిట్టెలుక త్వరగానే వస్తుంది. కిరణాలు పడిన చిట్టెలుకల్లో మందు తిన్నా ఆ మార్పు రాలేదు. అంటే ఆ మందు పనిచేయడానికి కొత్త కణాలు కావాలి. 2003లో ఈ ఫలితం వెలువడింది.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే ఎంత బాగుండేదో! 2009లో అదే కొలంబియా బృందం మరికొన్ని పరీక్షలు జరిపింది. కొన్ని ప్రవర్తనలు మారడానికి కొత్త కణాలు అవసరం, మరికొన్ని అవి లేకుండానే మారుతున్నాయి అని తేలింది. పైగా కెటమిన్ అనే మత్తుమందు డిప్రెషన్ రోగుల్లో కొన్ని గంటల్లోనే గుణం చూపుతోంది. గంటల్లో ఏ న్యూరానూ పుట్టి పెరగలేదు. కాబట్టి కొత్త కణాలు ఒక దారి అయితే కావచ్చు, ఏకైక దారి మాత్రం కాదు.

వేయి పదార్థాల గాలింపు

పాత మందులలో ఈ గుణం అనుకోకుండా బయటపడింది. అచ్చంగా కొత్త కణాల కోసమే మందు వెతికితే? డల్లస్ నగరంలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ వైద్యకేంద్రంలో ఆండ్రూ పైపర్, స్టీవెన్ మెక్‌నైట్ బృందం ఆ పనికి పూనుకుంది. ఏ సిద్ధాంతమూ పెట్టుకోకుండా 1,000 రసాయనాలను ఎంచుకున్నారు. పదేసి చొప్పున కలిపి 100 మిశ్రమాలు చేశారు. ఒక్కో మిశ్రమాన్ని చిట్టెలుకల మెదడులోకి వారం రోజులపాటు సన్నగా ఎక్కించి, కొత్త కణాలను లెక్కించారు. పని చేసిన మిశ్రమాలను విడదీసి మళ్లీ పరీక్షించారు. చివరికి 8 మిగిలాయి. వాటిలో మేలైనదాని పేరు పి7సి3. 2010లో దీన్ని ప్రకటించారు.

ఇందులో గమనించదగిన మెలిక ఒకటుంది. పి7సి3 కణాలను ఎక్కువగా పుట్టించడం లేదు. పుట్టినవాటిని చావకుండా కాపాడుతోంది! మెదడులో పుట్టే కొత్త కణాల్లో చాలా భాగం ఎదగకుండానే రాలిపోతాయి. మామిడి చెట్టు పూతలో నూరో వంతు కూడా కాయ కానట్లే. పూత పెంచడమొక్కటే దారి కాదు, రాలడం ఆపినా కాపు పెరుగుతుంది. పత్రికలు మాత్రం రెండింటినీ కలిపి 'మెదడు కణాలను పెంచే మందు' అనే రాస్తాయి. ఇటువంటి వార్తలను తెలుగులోకి తెచ్చేటప్పుడు పుట్టించడమా, బతికించడమా అని మూలంలో వెతుక్కోవలసి వస్తుంది.

మనుషుల దాకా వచ్చిన మందు మరొకటి ఉంది. ఎన్.ఎస్.ఐ.-189. అమెరికాలోని న్యూరల్‌స్టెమ్ కంపెనీ మానవ హిప్పోకాంపస్ మూలకణాలను గాజుపాత్రలలో పెంచి, వాటిపై రసాయనాలను పరీక్షించి దీన్ని ఎంచుకుంది. డిప్రెషన్ ఉన్న 220 మందిపై రెండవ దశ పరీక్ష జరిపింది. 2017లో ఫలితం వచ్చింది. ప్రధాన కొలమానంలో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని రుజువు కాలేదు. తర్వాత ఈ మందు మరో కంపెనీ చేతికి వెళ్లి ఆల్టో-100 అని పేరు మార్చుకుంది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడిన డిప్రెషన్ రోగులనే ఏరి మళ్లీ పరీక్షించారు. 2024 అక్టోబరులో వెలువడిన ఫలితమూ నిరాశపరిచింది.

పక్షవాతం రోగుల అనుభవం ఇంకా పెద్ద పాఠం. 2011లో ఫ్రాన్స్‌లో 118 మంది పక్షవాతం రోగులకు మూడు నెలలు ఫ్లూయాక్సెటిన్ ఇస్తే చేయి, కాలు కదలిక మెరుగైంది. మెదడు తనను తాను మరమ్మతు చేసుకునేలా, బహుశా కొత్త కణాల సాయంతో, ఈ మందు పురికొల్పుతోందని ఆశపడ్డారు. చౌక మందు, ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మందు. ఇంతకన్నా ఏం కావాలి? బ్రిటన్‌లో 3,127 మంది రోగులపై పెద్ద పరీక్ష జరిగింది. 2018 డిసెంబరులో ఫలితం వచ్చింది. ఆరు నెలలు మందు వాడినవారికీ, ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ కోలుకోవడంలో తేడా లేదు. మందు వాడినవారిలో డిప్రెషన్ కొంత తగ్గింది గాని, ఎముకలు విరగడం దాదాపు రెట్టింపయింది. 2020లో స్వీడన్‌లో 1,500 మందిపై, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలో 1,280 మందిపై జరిగిన పరీక్షలూ అదే చెప్పాయి. 118 మంది ఇచ్చిన ఆశను దాదాపు 6,000 మంది సరిదిద్దారు. మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చి ఉంటే ఈ అంకెల విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు. మరో మాట. డిప్రెషన్‌కు ఫ్లూయాక్సెటిన్ వాడే విషయం వేరు. డాక్టర్ సలహా మీద ఆ మందు తీసుకుంటున్నవారు ఇది చదివి మధ్యలో మానడం ప్రమాదకరం.

అసలు లెక్కే తేలలేదు

మందులు మనుషుల్లో ఎందుకు తప్పుతున్నాయి? ఎలుకకున్నన్ని కొత్త కణాలు మనిషికి లేవేమోనన్న అనుమానం 2018లో బలపడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు శిశువుల నుంచి పెద్దల దాకా మెదడు నమూనాలు పరీక్షించి, చిన్నతనంలోనే కొత్త న్యూరాన్లు వేగంగా తగ్గిపోతాయని, పెద్దల్లో వాటి జాడే దొరకలేదని ప్రకటించారు. నెల తిరగకుండానే కొలంబియా శాస్త్రజ్ఞులు 14 నుంచి 79 ఏళ్ల వయసుగల 28 మంది మెదళ్లలో అవి పుష్కలంగా ఉన్నాయన్నారు. ఇద్దరూ పేరున్నవారే. ఇద్దరూ వెతికినది, లేతప్రాయపు న్యూరాన్లలో ఉండే డబుల్‌కార్టిన్ వంటి ప్రోటీన్లనే.

తేడా ఎక్కడ వచ్చిందంటే, సంగతి చాలా చిన్నది. మనిషి మరణించాక మెదడును ఎన్ని గంటలకు తీశారు, రసాయన ద్రావణంలో ఎంతసేపు ఉంచారు అన్నదాన్ని బట్టి డబుల్‌కార్టిన్ కనబడడం, మాయం కావడం జరుగుతుంది. 2019లో మాడ్రిడ్‌కు చెందిన మరియా యోరెన్స్-మార్టిన్ బృందం ఈ సమయాన్ని జాగ్రత్తగా అదుపు చేసి చూస్తే, 87 ఏళ్ల వయసు దాకా లేత న్యూరాన్లు కనిపించాయి. అల్జీమర్స్ రోగులలో అవి బాగా తగ్గి ఉన్నాయి. వాదం అక్కడితో సద్దుమణగలేదు.

ఈ గొడవ మీకెందుకు అంటారా? పరీక్షల రోజుల్లో పత్రికల్లో, టీవీల్లో జ్ఞాపకశక్తి మాత్రలు, లేహ్యాలు, టానిక్కుల ప్రకటనలు చూస్తూనే ఉంటారు. 'మెదడు కణాలను వృద్ధి చేస్తుంది' అనే మాట వాటిలో తరచు వినిపిస్తుంది. బతికున్న మనిషి మెదడులో కొత్త న్యూరాన్లను నమ్మకంగా లెక్కించే పద్ధతి ఇంతవరకూ రాలేదు. చనిపోయినవారి మెదడులో లెక్కించడానికే ఇంత పేచీ. మరి ఆ మాత్ర తిన్న విద్యార్థి తలలో కణాలు పెరిగాయని అమ్మేవారికి ఎలా తెలిసింది? ఈసారి దుకాణంలో అడిగి చూడండి.

కణాలు నిజంగా పెరిగినా జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న హామీ లేదు. 2014లో టొరంటోలో పాల్ ఫ్రాంక్‌లాండ్, షీనా జోసెలిన్ బృందం చిట్టెలుకలకు ఒక పాఠం నేర్పింది: ఫలానా పెట్టెలో అడుగుపెడితే కాలికి చిన్న షాక్ తగులుతుంది. తర్వాత కొన్నింటిని చక్రం మీద పరుగెత్తనిచ్చారు. పరుగు చిట్టెలుకల్లో కొత్త న్యూరాన్లను బాగా పెంచుతుందని 1999లోనే తెలిసింది. అలా పెంచుకున్న చిట్టెలుకలు నేర్చిన పాఠాన్ని ఎక్కువగా మరిచిపోయాయి! మందులతో పెంచినా అదే జరిగింది. కొత్తగా వచ్చిన కణాలు పాత అల్లికలోకి చొరబడి కొత్త తీగలు వేసేటప్పుడు అప్పటికే ఉన్న జ్ఞాపకాలు చెదురుతాయని వారి వివరణ. మనకు మూడేళ్ల లోపు సంగతులు గుర్తుండకపోవడానికి ఆ వయసులో జోరుగా సాగే కణాల పుట్టుకే కారణం కావచ్చని కూడా వారు అన్నారు. అలాగని రేపటి నుంచి పరుగు మానేయకండి. పాఠం నేర్వకముందే పెరిగిన కణాలు కొత్త విషయాలు నేర్చుకోవడానికి సాయపడినట్లు వేరే ప్రయోగాలు చూపాయి. మందుతో పెంచాలనుకునేవారు ఎన్ని కణాలు అని మాత్రమే కాక, ఎప్పుడు, ఎక్కడ అని కూడా ఆలోచించక తప్పదు. మూర్ఛల తర్వాత ఎలుక హిప్పోకాంపస్‌లో పుట్టుకొచ్చే కణాలు కొన్ని ఉండవలసిన వరుస తప్పి వేరేచోట స్థిరపడుతున్నాయి. వాటి వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ కావచ్చు.

2025 జూలైలో ఫ్రీసెన్ బృందం మరోసారి ముందుకు వచ్చింది. ఈసారి ప్రోటీన్ రంగులను నమ్ముకోలేదు. పసికందుల నుంచి 78 ఏళ్ల వారి దాకా సేకరించిన హిప్పోకాంపస్‌లలో ఒక్కొక్క కణ కేంద్రకాన్నీ విడిగా తీసి, అందులో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో చదివింది. 2013లో వారికి దొరికింది పుట్టిన కణాలకు తేదీ మాత్రమే. వాటిని కనే తల్లికణాలు మనిషిలో ఇన్నాళ్లూ చిక్కలేదు. ఈసారి విభజన చెందుతున్న స్థితిలో చిక్కాయి. పెద్దవారిలో కొందరికి అవి చాలా ఉన్నాయి, మరికొందరికి దాదాపు లేవు. మందు కంపెనీలకు ఇది ముఖ్యమైన కబురు. తల్లికణాలే లేని మెదడులో వాటిని లేపే మందు ఎంత ఇచ్చినా ఫలితం ఉండదు. ఉన్నవారినీ లేనివారినీ ఒకే పరీక్షలో కలిపేస్తే మంచి మందు కూడా తప్పినట్లే కనిపిస్తుంది. ఎవరు ఏ కోవకు చెందుతారో ముందే తెలుసుకోవడానికి, బతికున్న మనిషిలో ఈ కణాలను చూపగల స్కాన్ కావాలి. కొన్ని ప్రయోగశాలలు ఇప్పుడు మందును పక్కనపెట్టి ఆ స్కాన్ కోసం వెతుకుతున్నాయి.